మీకు తెలుసా? లేపాక్షి కొలబద్దతో సూపర్ హీరోలు

తెలుగు సూపర్‌మ్యాన్ హిందూపురం ఎమ్మెల్యే కూడా అయ్యాడని మీకు తెలుసా? 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ‘సూపర్‌మ్యాన్’ అనే తెలుగు సినిమా వచ్చింది. ఒంటికి అతుక్కున్న దుస్తులు వేసుకుని ఆకాశంలోకి లేచింది ఎన్.టి. రామారావు గారు. హాలీవుడ్ సూపర్‌మ్యాన్ తెరమీదికి వచ్చి అప్పటికి రెండేళ్లే. వేషం అక్కడిదే గానీ బలం మాత్రం ఇక్కడిదే. అమెరికావాడు క్రిప్టాన్ గ్రహం నుంచి ఊడిపడితే, మనవాడికి శక్తులిచ్చింది ఆంజనేయస్వామి. అయిదేళ్ల తర్వాత, 1985 ఎన్నికల్లో ఎన్టీఆర్ గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడుచోట్లా గెలిచి హిందూపురాన్నే అట్టిపెట్టుకున్నారు. 1989లోనూ 1994లోనూ ఇక్కడ గెలిచారు.

హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే లేపాక్షి. ఈసారి కబుర్లకు మొదలు అక్కడే. కొత్త కామిక్స్ వచ్చినా, కొత్త సూపర్ హీరో కథ వచ్చినా నేను అడిగేది ఒకటే: ఈ వీరుడు ఏం పోగొట్టుకున్నాడు? ఎంత బరువు ఎత్తాడు, ఎన్ని మేడలు కూల్చాడు అన్న లెక్క తర్వాత. ఈ ప్రశ్నే నా కొలబద్ద, అది లేపాక్షిలో పుట్టిందే. ఈ ఊరు తనదిగా చెప్పుకునే వీరుడు జటాయువు. రావణుణ్ని గెలిచినవాడు కాదు. ముసలితనంలో ఎదురెళ్లి, రెక్కలు తెగి, నేలకూలినవాడు.

గళ్లల్లో కథ

లేపాక్షి వీరభద్రస్వామి గుడి విజయనగర కాలం నాటిది. అచ్యుతదేవరాయల ఏలుబడిలో, 1530ల ప్రాంతంలో, పెనుకొండలో రాచకొలువు చేసిన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. మండపాల పైకప్పుకు సున్నపు గార పూసి, దానిమీద బొమ్మలు వేయించారు. ఆ బొమ్మలు వేసిన పద్ధతి చూడండి: పొడవాటి పట్టీలు, పట్టీల్లో చతురస్రపు గళ్లు, ఒక గడి అయ్యాక ఇంకో గడి. మనుషుల ముఖాలు పక్కకు తిరిగి ఉంటాయి. ప్రతి ఆకారం చుట్టూ నల్లటి గీత. లోతు, నీడలు పెద్దగా లేని చదునైన రంగులు. ఇవాళ్టి కామిక్ బొమ్మల పాఠంలో మొదటి రోజు చెప్పేవి ఇవే. అమెరికా పత్రికల్లో బొమ్మల కథలు పేరు తెచ్చుకున్నది 1890లలో. లేపాక్షి చిత్రకారులు అప్పటికి మూడున్నర శతాబ్దాల ముందే ఈ పని ముగించి, కుంచెలు కడుక్కుని వెళ్లిపోయారు. తేడా ఒకటే. కామిక్‌లో మనం పేజీ తిప్పుతాం. ఇక్కడ పేజీ కదలదు, మెడ పైకెత్తి మనమే నడవాలి.

మాటలు లేవే అంటారా? ఆ లోటు శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు తీర్చారు. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరసల్లో చిన్న చిన్న గళ్లు, ఆ గళ్లలో ఎవరెవరో, ఏం జరుగుతోందో తెలుగక్షరాల్లో రాసి ఉంటుంది. తెలంగాణలో చేర్యాల నకాషీ పటాలైతే గజాల కొద్దీ పొడవు. కథకుడు పటం విప్పుతూ పాడుతూ పోతాడు.

ముసుగు వీరులు

సూపర్ హీరో కథకు ప్రాణం ముసుగు. క్లార్క్ కెంట్ కళ్లద్దాలు పెట్టుకుంటే పక్క కుర్చీలో ఉన్నవాళ్లకు కూడా సూపర్‌మ్యాన్ అని తెలియదు. 1938 నుంచి ఈ సంగతి మీద జోకులు పేలుతూనే ఉన్నాయి. లేపాక్షి పైకప్పు మీద ఈ ముసుగు ఆట రెండుసార్లు కనిపిస్తుంది. ద్రౌపదీ కల్యాణంలో అర్జునుడు బ్రాహ్మణ వేషంలో వచ్చిన కుర్రాడు. కిరాతార్జునీయంలో ఆట తిరగబడుతుంది. ఈసారి వేషం వేసింది శివుడు, బోల్తాపడింది అర్జునుడు.

కిరాతార్జునీయం కథ కాస్త నిదానంగా చెప్పుకోవాలి, లేపాక్షి బొమ్మల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే కనక. పాశుపతాస్త్రం కోసం అర్జునుడు తపస్సు చేస్తుంటాడు. మూకాసురుడు పంది రూపంలో మీదికి దూకుతాడు. అర్జునుడు బాణం వేస్తాడు. అదే క్షణంలో ఒక బోయవాడూ బాణం వేస్తాడు. పంది ఒకటే, బాణాలు రెండు. ఎవరి వేట? ఆ గొడవ పెద్ద యుద్ధమవుతుంది. అర్జునుడి అమ్ములపొది ఖాళీ అవుతుంది, విల్లు పోతుంది, కత్తి విరుగుతుంది, చివరికి ఉత్త చేతులతో కలబడి ఓడిపోతాడు. దిక్కుతోచక మట్టితో లింగం చేసి పూలదండ వేస్తే, ఆ దండ ఎదురుగా నిలబడ్డ బోయవాడి తలమీద కనబడుతుంది. ముసుగు జారింది అక్కడ.

ముసుగు తీయడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఏ కామిక్‌లోనూ నేను చూడలేదు. మాట లేదు, వివరణ లేదు. ఒక గడిలో దండ లింగం మీద, పక్క గడిలో బోయవాడి మీద. గీసేవాడికి ఇంకేం కావాలి? ఇంకో సంగతి. అర్జునుడికి అస్త్రం దక్కింది గెలిచినందుకు కాదు. చేతిలో ఉన్నవన్నీ పోయాక దక్కింది. లేపాక్షి బొమ్మల్లో ఆ పంది బొమ్మ ఒక్కటి చూసినా డబ్బులు గిట్టుబాటే. బాణం తగిలే ముందు దూకుడంతా ఆ ఒంటి గీతలోనే ఉంది.

రంగుల తిప్పలు

హల్క్ మొదట ఆకుపచ్చగా లేడని మీకు తెలుసా? 1962లో వచ్చిన మొదటి సంచికలో అతను బూడిదరంగు. అచ్చులో ఆ రంగు పేజీకో రకంగా తేలింది. రెండో సంచికకల్లా ఆకుపచ్చకు మార్చేశారు. కోట్లమంది పిల్లల ఊహలోని ఆకుపచ్చ భూతం అచ్చు యంత్రం చలవ.

లేపాక్షి వాళ్లకూ ఇలాంటి హద్దే ఉంది. ఎరుపు, పసుపుమట్టి, ఆకుపచ్చ, నలుపు, తెలుపు. నీలం లేదు. అంటే సూపర్‌మ్యాన్‌ను ఇక్కడ గీయమంటే పై కండువా వరకే కుదిరేది! అయినా ఆ అయిదు రంగులతోనే చీరల అంచుల మీద పూలు, గళ్లు, చారలు ఎన్ని రకాలు పోయారో. నేతగాళ్ల ఊరు ధర్మవరం ఇదే జిల్లాలో ఉంది. లేపాక్షి అంచులన్న పేరు ఇవాళ్టికీ చీరల కొట్లలో వినబడుతూనే ఉంది.

స్టాన్ లీకి ముందు విరూపణ్ణ

మార్వెల్ సినిమాల్లో స్టాన్ లీ ఎక్కడో ఒకచోట ఇలా కనిపించి అలా మాయమయ్యేవాడు. ఆ పాత్రల సృష్టికర్తల్లో ఒకడు కదా, థియేటర్లో ఈలలు పడేవి. గర్భగుడి ముందున్న మండపంలో కప్పు చూడండి. దగ్గర దగ్గర పాతిక అడుగుల పొడవున వీరభద్రుడి బొమ్మ. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేయడానికి శివుడి జటలోంచి పుట్టినవాడు, కోపమే ఒళ్లుగా దాల్చినవాడు. అంత పెద్ద దేవుడి పాదాల దగ్గర, పొడుగాటి కుళ్లాయిలు పెట్టుకుని చేతులు జోడించి, గుడి కట్టించిన అన్నదమ్ములు! కానీ స్టాన్ లీకి ఉన్న అదృష్టం విరూపణ్ణకు లేదు.

కళ్ల లెక్క

1964లో వచ్చిన డేర్‌డెవిల్ గుడ్డివాడు. చిన్నప్పుడు ప్రమాదంలో చూపు పోతుంది, బదులుగా మిగతా ఇంద్రియాలన్నీ వందరెట్లు పదునెక్కుతాయి. పోయినదానికి పరిహారం అక్కడికక్కడే ముట్టింది. అమెరికా కామిక్స్‌లో ఈ బేరం మామూలు.

లేపాక్షిలో వినిపించే విరూపణ్ణ కథ వేరు. ఖజానా సొమ్ము అడక్కుండా గుడికి ఖర్చుపెట్టాడని రాజుగారికి కోపమొచ్చిందట. కళ్లు పీకించమన్నాడట. ఆ శిక్ష వేరేవాళ్ల చేతుల మీదుగా ఎందుకని విరూపణ్ణే తన కళ్లు పెరికి గోడకేసి కొట్టాడట. అసంపూర్తిగా మిగిలిన కల్యాణ మండపం దగ్గర గోడమీద రెండు ఎర్రటి మచ్చలు చూపిస్తారు. చరిత్ర ఎంతో, జనం నోటి కథ ఎంతో ఎవరి నమ్మకం వాళ్లది. కానీ కథగా చూడండి: కళ్లు పోయాయి, బదులుగా ఏ శక్తీ రాలేదు. మండపం కూడా పూర్తికాలేదు. నాలుగు సంచికల తర్వాత ఆగిపోయిన సీరీస్‌లా స్తంభాలు మాత్రం నిలబడి ఉన్నాయి.

అదే ఆవరణలో, ఏడు పడగల నాగలింగం దగ్గర బండమీద శ్రీకాళహస్తి కథ చెక్కారు. అందులో కన్నప్ప ఉన్నాడు, తన కన్ను తీసి శివుడికి పెట్టిన బోయవాడు. కన్నప్పకు కళ్లు తిరిగొచ్చాయి, విరూపణ్ణకు రాలేదు. ఒకే గుడిలో ఈ రెండు కథలూ ఎదురెదురుగా ఉన్నాయని ఏ కామిక్ రచయితా ఇంతవరకు పట్టించుకున్నట్టు లేదు. ఒక్క పుస్తకానికి ఇంతకన్నా సరుకేం కావాలి?

ఏ శక్తీ లేని రాజు

పైకప్పు గళ్లలో మనునీతి చోళుడి కథా ఉంది. యువరాజు రథం కిందపడి ఆవుదూడ చచ్చిపోతుంది. తల్లి ఆవు వచ్చి కోటలో న్యాయం గంట లాగుతుంది. ఆవుకు బిడ్డ పోతే రాజుకూ పోవాలని, అదే రథం కింద తన కొడుకును పడేయిస్తాడు చోళుడు. చివర శివుడు ప్రత్యక్షమై ఇద్దరినీ బతికిస్తాడనుకోండి. నన్నడిగితే ఈ కథను శివుడు రాకముందు గడి దగ్గర ఆపి, ‘తరువాయి వచ్చే సంచికలో’ అని రాయాలి. ఎగరలేనివాడు, కొండ ఎత్తలేనివాడు, కొడుకును మాత్రం వదులుకోగలిగినవాడు.

నిమ్మలకుంట తోలుబొమ్మలు

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. మేకతోలును పలచగా గీకి, ఆరబెట్టి, చిల్లులు పొడిచి, రంగులు వేసి, తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒకే పాత్రకు ఒకే బొమ్మతో సరిపెట్టరు. శాంతంగా ఉన్నప్పుడు ఒకటి, యుద్ధానికి ఒకటి, సందర్భాన్ని బట్టి బొమ్మ మారుతుంది. సూపర్ హీరోకు సినిమాకో కొత్త సూటు కుట్టించి బొమ్మలమ్మే కంపెనీలు ఇప్పుడు చేస్తున్నదీ అదే.

డెడ్‌పూల్ అనే పాత్ర 1991లో పుట్టింది. కథలోంచి బయటికి తొంగిచూసి, చదివేవాడితో వెటకారాలాడటం వాడి ప్రత్యేకత. కొత్తగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క చేసేది ఇంకేమిటి? రాముడు అడవుల్లో ఏడుస్తుంటే మధ్యలో దూరి, ఊళ్లో కరణాన్ని, ముందు వరుసలో కునికిపాట్లు పడుతున్న పెద్దాయన్ని కలిపి ఉతికేస్తారు. పచ్చి మాటల్లో వీళ్లిద్దరి ముందు డెడ్‌పూల్ చిన్నపిల్లాడు.

నెలనెలా ఓడిపోయే రాజు

తెలుగువాళ్లు అందరికన్నా ఎక్కువకాలం చదివిన వీరుడి సీరీస్ ఏది? నా ఓటు చందమామ బేతాళ కథలకి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రికలో 1955 నుంచి అవి నడిచాయి. సంస్కృతంలో ఉన్న కథలు పాతిక. అవి అయిపోయాక చందమామ కొత్తవి అల్లుకుంటూ కొన్ని వందలకు తీసుకెళ్లింది. ఒక చేత కత్తి, భుజాన శవం, వెనక శ్మశానం. శంకర్ గీసిన ఆ బొమ్మను తలుచుకుంటే ఇప్పటికీ మాట పెగలదు. శంకర్ 2020లో తొంభై ఏడో ఏట పోయారు, మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు.

కథ నడక గమనించారా? విక్రమార్కుడు ప్రతి నెలా గెలుస్తాడు, గెలిచినందువల్లే ఓడిపోతాడు. బేతాళుడి ప్రశ్నకు జవాబు తెలుసు కనక నోరు విప్పాలి. విప్పాడా, శవం చెట్టెక్కుతుంది. తెలివే అతని బలహీనత. సూపర్‌మ్యాన్‌కు అలాంటి బలహీనత కావాలని వెతికితే దొరికింది క్రిప్టోనైట్ అనే ఆకుపచ్చ రాయి. అది కూడా మొదట కామిక్‌లో రాలేదు. 1943లో రేడియో నాటకంలో వచ్చి, ఆరేళ్ల తర్వాత పుస్తకంలోకి దిగింది. ఆ రాయికన్నా మన బేతాళుడి షరతు ఎన్నో రెట్లు పదునైనది.

చందమామలోనే దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ లాంటి సీరియళ్లు రాశారు. బొమ్మలు చిత్ర అనే చిత్రకారుడివి. ఒంటికన్ను రాక్షసులు, ఎగిరే మాంత్రికులు. వాటిని బొమ్మల కథలుగా మళ్లీ గీయాలన్న ఆలోచన ఏ ప్రచురణకర్తకూ వచ్చినట్టు లేదు, ఎందుకో నాకు అంతుపట్టదు.

ఇక కొత్తవాటి సంగతి

కొలబద్ద చేతిలో ఉంది కదా, నాలుగింటిని కొలిచేద్దాం.

2004లో వచ్చిన భారతీయ స్పైడర్‌మ్యాన్ కామిక్‌లో హీరో పవిత్ర్ ప్రభాకర్. పీటర్ పార్కర్ పేరుకు దగ్గరగా ఉండాలని అలా పెట్టారు. సాలీడు కుట్టడానికి బదులు ఒక యోగి శక్తులిస్తాడు. బాబాయి పోవడం దగ్గర నుంచి అన్నీ పాత కథలోవే, పంచె ఒక్కటే కొత్త. నాకు చప్పగా అనిపించింది. అదే కుర్రాడు 2023లో ‘అక్రాస్ ద స్పైడర్‌వర్స్’ సినిమాలో కాసేపు కనబడి నవ్వించాడు, అక్కడే బాగున్నాడు.

2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’ వచ్చింది. అంజనాద్రి అనే కల్పిత ఊళ్లో చిల్లర దొంగతనాలు చేసుకునే హనుమంతుకు రుధిరమణి దొరుకుతుంది. మణి పగలే పనిచేస్తుంది, పొద్దుగూకితే మామూలు మనిషే. ఈ షరతు బాగుంది. కాని ఆ సినిమాలో అసలు తెలివి విలన్‌లో ఉంది. సూపర్ హీరోలందరికీ అమ్మానాన్నలు పోయి ఉంటారు కనక, తానూ సూపర్ హీరో కావాలని చిన్నప్పుడే కన్నవాళ్లను చంపేసుకున్నవాడు మైకేల్. బ్యాట్‌మ్యాన్ నుంచి మన 1980 నాటి సూపర్‌మ్యాన్ దాకా అందరూ వాడిన కథను ఒక్క దెబ్బతో ఎగతాళి చేశారు. కన్నీటిని కూడా కాపీ కొడతారా అని అడిగినట్టుంది. హీరో వైపు అక్క అంజమ్మ త్యాగం ఉంది కాబట్టి కొలబద్ద దగ్గర కూడా గట్టెక్కింది.

అదే ఏడు జూన్‌లో నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఎ.డి.’ వచ్చింది. హీరో భైరవకన్నా అశ్వత్థామ నాకు గుర్తున్నాడు. చావులేని శక్తి అతనికి వరం కాదు, శాపం. నుదుటి మణి పోగొట్టుకుని, మానని పుండుతో యుగాలు ఈడ్చినవాడు. ఇది లేపాక్షి పైకప్పుకు సరిపోయే పాత్ర. సినిమాకు ముందు ‘బుజ్జి అండ్ భైరవ’ అని రెండు భాగాల యానిమేషన్ కూడా తీశారు. పిల్లలకు సరదా, పెద్దలకు ఆవలింత.

2025 సెప్టెంబరులో వచ్చిన ‘మిరాయ్’లో అశోకుడు, తొమ్మిది పుస్తకాలు, రాముడి ఆయుధం. బొమ్మలు కళ్లు చెదిరేలా ఉన్నాయి. కుర్రాడు తల్లిని పుట్టగానే పోగొట్టుకున్నాడు, కాని ఆ లోటు మనదాకా రాకముందే ఇంకో పోరాటం మొదలైపోతుంది. అక్కడ మార్కులు తగ్గించాను.

గమనించారా, ఇందులో మూడు సినిమాలే. తెలుగు సూపర్ హీరో తెరమీదే పుట్టి తెరమీదే పెరుగుతున్నాడు. హైదరాబాద్‌లో పుట్టిన ఛోటా భీమ్ కూడా 2008లో టీవీలోనే మొదలయ్యాడు, పుస్తకాలు తర్వాత వచ్చాయి. అమెరికాలో ఇది తలకిందులు: ముందు పది సెంట్ల కాగితం, ముప్పై నలభై ఏళ్ల తర్వాత కోట్ల సినిమా. కాగితం మీద తప్పు చేస్తే వచ్చే నెల దిద్దుకోవచ్చు, హల్క్ రంగు మార్చినట్టు. వందల కోట్లు పెట్టాక దిద్దుకోవడానికేముంది? అందుకే మన వీరులకు ఓడిపోయే తీరికా ధైర్యమూ ఉండటం లేదని నా అనుమానం. బొమ్మలు వేయగల తెలుగు కుర్రాళ్లకు కొదవలేదు. ఎవరైనా ముప్పై రెండు పేజీల్లో విరూపణ్ణ కథ గీస్తే, మొదటి ప్రతి కొనేది నేనే.

లేపాక్షి వెళ్లేవాళ్లకు ఒక మాట. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి, ఫొటో దిగి బయటపడకండి. నాట్యమండపంలో కాసేపు ఆగి పైకి చూడండి. వెలుగు బాగా ఉండే పూట వెళ్తే గళ్లు తేటగా కనిపిస్తాయి. ఫ్లాష్ మాత్రం కొట్టకండి, అయిదొందల ఏళ్ల నాటి రంగులు అవి.